ఆరా మేస్త్రి కనుమ గేటు దాకా వెళ్ళిన రోజు

మా ఆయన మోటారు మెకానిక్. ఆయన అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. అందరికీ ఆరా మేస్త్రి. షెడ్డులోకి బండి వచ్చిందంటే దాని రోగమేమిటో చూడడం తర్వాత సంగతి, ముందు దాన్ని తోలుకొచ్చినవాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆరా తీయాల్సిందే. ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎటు పోతున్నావు అని ఎవరైనా అడుగుతారు. మా ఆయన అక్కడితో ఆగడు. మీ ఊళ్ళో తలుపులు లోపలికి తెరుచుకుంటాయా, బయటికా? ఏడ్చే పిల్లల్ని ఏం చెప్పి బెదిరిస్తారు? కోళ్ళను ఏమని అదిలిస్తారు? చచ్చిపోయినవాళ్ళ చెప్పులు ఏం చేస్తారు? ఇలాంటివి. లారీ డ్రైవర్లు మొదట్లో బిత్తరపోయేవారు. తర్వాత అలవాటు పడ్డారు. కొందరైతే ఈయన కోసమని దారిలో జవాబులు పోగుచేసుకుని మరీ వచ్చేవారు.

మా ఇల్లు ఊరి చివర, రోడ్డు కొండెక్కే చోట ఉంటుంది. ముందు షెడ్డు, దాన్ని ఆనుకుని వంటిల్లు, పైన రెండు గదులు. వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. టీ గ్లాసులు అందించడానికి వీలుగా ఉంటుందని మా మామగారు అలా కట్టించారు. నాకు మాత్రం అది ఈయన్ని ఓ కంట కనిపెట్టడానికే ఎక్కువ పనికొచ్చింది.

మా ఇంటి ముందు నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోయి, రెండు కొండల నడుమ ఇరుకైన కనుమలోంచి అటువైపు దిగుతుంది. అటు మైదానం, ఇంకా పోతే సముద్రం, రేవు. చలికాలంలో మంచు పడగానే కనుమ దగ్గర గేటు వేసేస్తారు. మళ్ళీ ఎండలు కాసేదాకా తీయరు. నేను అటు వెళ్ళింది చిన్నప్పుడు ఒక్కసారే. మా ఆయన అదీ లేదు.

ఎందుకంటారా? ఆయనకు బండి ప్రయాణం పడదు. నవ్వకండి. ఇంజను మోత విని రోగం చెప్పే మనిషే, బండెక్కి నాలుగు మలుపులు తిరిగేసరికి కడుపులో దేవినట్టయి మొహం పాలిపోతుంది. మూడో మలుపు దగ్గర ఒక పెద్ద బండరాయి ఉంది. వయసులో ఉండగా ఎన్నిసార్లు కొండెక్కబోయినా ఆయన ప్రయాణం ఆ రాయి దగ్గరే ఆగిపోయింది. తను నడిపినా అంతే, పక్కన కూర్చున్నా అంతే. నిమ్మకాయ వాసన చూశాడు. అల్లం నమిలాడు. ఖాళీ కడుపుతో వెళ్ళాడు, నిండు కడుపుతో వెళ్ళాడు. చివరికి విసుగెత్తి, లోకం చూడడం మన వల్ల కాదు, చూసొచ్చినవాళ్ళను అడుగుదాం అనే నిర్ణయానికి వచ్చాడు.

అడగడం తప్పేమీ కాదు. కానీ అడగాలంటే అవతలివాడు కూర్చోవాలి, కూర్చున్నవాడికి ఏదో ఒకటి పెట్టాలి. ఆ పెట్టేదాన్ని నేను. అందుకే పెళ్ళయిన కొత్తలోనే ఒక షరతు పెట్టాను. వచ్చినవాళ్ళు తినడం పూర్తయ్యేదాకా ఈయన నోరు తెరవకూడదు. ఆ షరతు ఎంత నిష్ఠగా పాటించేవాడంటే, గొంతు దాకా వచ్చిన ప్రశ్నను అక్కడే పట్టుకుని, అతిథి నోటికేసి చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళు నీళ్ళు తాగి గ్లాసు దించారో లేదో, "అయితే..." అని మొదలుపెట్టేవాడు. మా అమ్మాయిది పై వీధిలోనే కాపురం. అది వచ్చినప్పుడల్లా, "నాన్నా, వాళ్ళను కాస్త అరిగించుకోనివ్వు" అని కోప్పడేది. కుక్క తోక వంకర అన్నట్టు, ఆయన ఆయనే.

ఒక ఏడు, చలికాలం ఇంకా రాలేదనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పూట పాత వ్యానొకటి ఆవిరి చిమ్ముకుంటూ వచ్చి మా షెడ్డు ముందు ఆగిపోయింది. డ్రైవరు సీట్లోంచి ఒక అమ్మాయి దిగింది. పాతికేళ్ళుంటాయేమో. వెనక తలుపు తోసుకుని ఒక కుర్రాడు దిగాడు, చేతిలో కత్తి. నా గుండె గుభేల్మంది. తీరా చూస్తే రెండో చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ.

వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు. ఆ వ్యానే వాళ్ళ ఇల్లు. లోపల రెండు పరుపులు, ఒక స్టవ్వు, మేకులకు వేలాడే గిన్నెలు, తాడు మీద ఆరేసిన మేజోళ్ళు. వసంతకాలంలో ఎక్కడో చాలా దూరాన బయల్దేరారట. దారిలో పళ్ళతోటల్లో కోతలకు వెళ్ళడం, పెట్రోలుకు సరిపడా చేతికి రాగానే మళ్ళీ బండి తీయడం. కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతున్నారు.

"కదిలే బండిలో ఉల్లిపాయలు తరగడమేమిటి నాయనా? వేళ్ళు తెగవూ?" అన్నాను.

"తెగుతాయి పిన్నీ," అన్నాడు వాడు, కట్లు కట్టిన వేళ్ళు చూపిస్తూ. "అలవాటు చేసుకుంటున్నా. ఓడలో వంటకి పోతున్నాను. అక్కడ నేల ఓ చోట నిలబడదట కదా."

"అందుకే నేను మలుపుల్లో కావాలని గట్టిగా తిప్పుతుంటా," అంది అక్క.

మా ఆయన మొహం చూడాలి. ప్రశ్నలు తన్నుకొచ్చేస్తున్నాయి. నేను కళ్ళతోనే షరతు గుర్తుచేశాను. పాపం, గుటకలు మింగి, వ్యాను బానెట్టు ఎత్తాడు.

ఆ సాయంత్రం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, బంగాళాదుంపల కూర పెట్టాను. తిన్నాక ప్రశ్నలూ జవాబులూ మొదలయ్యాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కొండకు అటువైపు రేవులో ఒక ఓడ ఉంది. దాని వంటింట్లో సహాయకుడిగా వాడికి పని కుదిరింది. తోటలో పరిచయమైన ఒక ముసలి నావికుడు చెప్పి ఇప్పించాడట. ఓడ ఈ నెలాఖరుకు బయల్దేరుతుంది. ఎవరి కోసమూ ఆగదు. కనుమ గేటు వేసేశారంటే కొండల చుట్టూ తిరిగి పోవాలి. అలా వెళ్తే వీళ్ళు రేవు చేరేసరికి ఓడా ఉండదు, పనీ ఉండదు.

"నెలల తరబడి తిరుగుతున్నా బాబాయ్. ఎవరూ తీసుకోలేదు. అనుభవం లేదన్నారు. ఇది పోతే ఇంక నాకు ఓడ లేదు," అన్నాడు.

అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు. అప్పటి నుంచీ వాడికి అక్కే అమ్మ. వాడు ఓడ గురించి గలగలా చెబుతుంటే, ఆ పిల్ల రొట్టె ముక్కను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. రోజంతా బండి నడిపి అలసిపోయిందనుకున్నాను.

బండి రోగం పెద్దదేమీ కాదు. ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపు కారుతోంది. లోపల ఒక సీలు ఉంటుంది, అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం. అది పాడైపోయింది.

"ఈ సైజు సీలు నా దగ్గర లేదు. కింది ఊరి నుంచి బస్సులో తెప్పించాలి. రేపో ఎల్లుండో వచ్చేస్తుంది," అన్నాడు మా ఆయన.

"ఈలోపల గేటు వేసేస్తే?" అన్నాడు కుర్రాడు.

"ఇంకా బోలెడు టైముంది. ఏటా చూస్తూనే ఉన్నాగా."

ఆ మాట నిజమే. అంత తొందరగా గేటు వేయడం మా ఎరుకలో ఎప్పుడూ లేదు.

వాళ్ళు వ్యానును మా పెరట్లోకి తోసుకుని అక్కడే పడుకునేవారు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చేసేవారు. మా ఇంటికి ఎంతోమంది వచ్చారు గానీ, ఈయన ప్రశ్నలకు ఇంత బాగా జవాబులు చెప్పినవాళ్ళు లేరు. ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు "అలా కాదు" అని అడ్డుపడేవారు. ఒక ఊళ్ళో ఎక్కినవాళ్ళందరూ డ్రైవరును పలకరిస్తే గానీ బస్సు కదలదట. ఇంకో చోట పిల్లల్ని పళ్ళ డాక్టరు పేరు చెప్పి బెదిరిస్తారట. ఆ డాక్టరు పాపం ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా పిల్లలు మంచాల కింద దూరిపోతారట. ఉప్పునీటి సరస్సు ఒకటి ఉందట. దాని ఒడ్డున పడుకుని లేస్తే కనుబొమ్మలు తెల్లబడ్డాయట. మా ఆయన చేతిలో పానా అలాగే ఉండిపోయేది. "తెల్లబడితే? తర్వాత? కడిగితే పోయిందా? నాకి చూశారా? రుచి ఎలా ఉంది?" అని ఒకటే గొడవ.

నన్నూ వాళ్ళు ఊరికే కూర్చోనివ్వలేదు. నా పొయ్యి దగ్గరికి ఇంకొకర్ని రానివ్వని దాన్ని. అలాంటిది రెండో రోజుకల్లా ఆ కుర్రాడు నా వంటిల్లు ఆక్రమించేశాడు. "పిన్నీ, బల్ల కాస్త ఊపుతారా?" అన్నాడు. ఏదో సరదాకి అంటున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే ఊపమన్నాడు. నేనొక కొస, ఈయనొక కొస పట్టుకుని బల్ల ఊపుతుంటే, వాడు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి బంగాళాదుంపలు తరిగాడు. "ఇంకా గట్టిగా! తుఫాను రానీ!" అని అరిచేవాడు. గిన్నెలు దొర్లాయి, పాలు ఒలికాయి, మా అమ్మాయి గుమ్మంలో నిలబడి మా ముగ్గురికీ పిచ్చెక్కిందని తేల్చింది. నేను అంతలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

సీలు మాత్రం రాలేదు. బస్సు వచ్చేవేళకు మా ఆయన రోడ్డు మీదకు వెళ్ళేవాడు, వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. "ఇవాళ కూడా పంపలేదు వెధవలు," అనేవాడు. కుర్రాడి మొహం వాడిపోయేది. అక్క మాత్రం, "ఫరవాలేదు లేరా. మేస్త్రిగారు టైముందన్నారుగా," అనేది. ఎంత ఓర్పు ఈ పిల్లకు, అనుకున్నాను.

ఒక పొద్దున పిల్లలిద్దరూ రొట్టె కొనడానికి ఊళ్ళోకి వెళ్ళారు. నేను నీలం బక్కెట్టులో బట్టలు నానబెడుతున్నాను. కిటికీలో రేడియో మోగుతోంది. పాట మధ్యలో ఆపి ప్రకటన చదివారు. కొండల మీద మంచు మబ్బులు కమ్ముకొస్తున్నాయి, ఈ సాయంత్రమే కనుమ గేటు మూసేస్తున్నారు, వాహనదారులు గమనించాలి అని. అయ్యో, గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంటూ ఈయన పని చొక్కా నీళ్ళల్లో ముంచబోయాను. జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూశాను. నూనె కాగితం. అందులో కొత్త రబ్బరు చక్రం.

మెకానిక్ పెళ్ళాన్ని. అది వాటర్ పంపు సీలని నాకు ఒకరు చెప్పాలా? అరికాలి మంట నెత్తికెక్కింది. తడి చేతులతోనే షెడ్డులోకి వెళ్ళాను.

"ఇదేమిటి?"

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"బస్సులో వచ్చిందా?"

"లేదు."

"మరి?"

"డబ్బాలోనే ఉంది," అన్నాడు నీళ్ళు నములుతూ. "మొదటి రోజు నిజంగానే లేదనుకున్నానే. మర్నాడు వేరే దానికోసం వెతుకుతుంటే అడుగున కనిపించింది. బిగించేద్దామనే అనుకున్నాను. అప్పుడే ఆ పిల్ల ఉప్పు సరస్సు సంగతి మొదలుపెట్టింది. అది సగంలో ఉంది కదా, ఇంకొక్క రోజు... టైముంది కదా అని..."

"కథ సగంలో ఉందని వాడి బతుకు సగంలో ఆపేస్తారా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! ఇంటికొచ్చినవాళ్ళకు అన్నం పెట్టి దారి చూపిస్తాం. కట్టేసుకుంటామా?"

"ఇవాళ బిగించేస్తాను. ఇంకా..."

"గేటు సాయంత్రం వేసేస్తున్నారు. రేడియోలో ఇప్పుడే చెప్పారు."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా చేతిలోంచి సీలు తీసుకుని వ్యాను వైపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం చూసి చాలా ఏళ్ళయింది.

పిల్లలూ పరుగెత్తుకుంటూనే వచ్చారు. దుకాణంలో సంగతి విన్నారట. కుర్రాడు ఏడుపు ఆపుకుంటున్నాడు. "సీలు దొరికింది బాబూ," అన్నాను నేనే. అబద్ధమేమీ కాదు కదా. వాడు నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ పిల్ల మాత్రం ఈయన చేతిలో ఉన్న సీలు కేసి చూసింది, నా కేసి చూసింది. తర్వాత వంగి, ఈయనకు కావలసిన పానా ఏదో అందించడం మొదలుపెట్టింది.

పంపు బిగించి ఇంజను తిప్పారు. మా ఆయన చెవి ఒగ్గి చాలాసేపు విన్నాడు. నుదురు ముడిపడింది.

"సీలు పట్టింది. కానీ లోపలి ఇరుసు కూడా అరిగినట్టుంది. చదును మీద ఫరవాలేదు, దిగుడు మీదా ఫరవాలేదు. ఎక్కుడు మీదే చిక్కు. వేడెక్కిందంటే సీలు మళ్ళీ పోతుంది. మోత మారిన వెంటనే ఆపి చల్లార్చుకోవాలి."

"మోత ఎలా మారుతుంది బాబాయ్?" అంది ఆ పిల్ల.

ఆయన నోటితో ఆ మోత చేసి చూపించాడు. మంచి మోత ఒకటి, చెడ్డ మోత ఒకటి. అక్కాతమ్ముళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాకూ తేడా తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఆ కిటికీలోంచి వింటున్నా, నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి.

కొండ పైన ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతోంది.

"మీరు ఎక్కండి," అన్నాను.

"నేనా?" అన్నాడు. పక్కకు లాక్కెళ్ళి, "మూడో మలుపు సంగతి తెలుసు కదే," అన్నాడు గుసగుసగా.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కారుగా. వెళ్ళి కడుక్కోండి. బక్కెట్టు ఇస్తాను."

నానబెట్టిన బట్టలు గట్టు మీద గుమ్మరించి, నీలం బక్కెట్టు ఆయన చేతికిచ్చాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బడికి పంపుతున్న పిల్లాడిలా ముందు సీట్లో కూర్చున్నాడు. రొట్టెలూ, ఉడకేసిన గుడ్లూ మూటకట్టి కుర్రాడికి ఇచ్చాను. వాడు నా వంటింటి బల్లను ఓసారి చేత్తో తట్టి వెళ్ళాడు. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని, "వస్తాం పిన్నీ," అంది. అన్నదే గానీ కదల్లేదు. "ఇంక పదక్కా!" అని వాడు అరిస్తే అప్పుడు వదిలింది.

రోడ్డు మీద నిలబడి చూశాను. మొదటి మలుపు. రెండోది. మూడో మలుపు దగ్గర బండరాయి పక్కన వ్యాను నెమ్మదించింది. అయిపోయింది, దిగిపోతాడు అనుకున్నాను. దిగలేదు. వ్యాను మలుపు తిరిగి కొండ చాటుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను పడ్డ అవస్థ ఎందుకులెండి. తిట్టి పంపించాను కదా, ఆ తిట్లన్నీ నాకే తగిలాయి. మంచులో ఆ బండి ఆగిపోతే? కొండ మీద ఈయనకు ఏమన్నా అయితే? ఉతికినవే మళ్ళీ ఉతికాను. కిటికీ అద్దం తుడిచాను, మళ్ళీ తుడిచాను. మా అమ్మాయి వచ్చి, "నాన్న కొండెక్కాడా? మన నాన్నేనా?" అని పడీపడీ నవ్వి, నా మొహం చూసి ఊరుకుంది.

పొద్దు వాలేవేళ, మంచు తీసే బండి ఒకటి పై నుంచి దిగి మా ఇంటి ముందు ఆగింది. అందులోంచి మా ఆయన దిగాడు, బక్కెట్టు చేత్తో పట్టుకుని. మనిషి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. రెండు అడుగులు వేసి గుమ్మం పట్టుకున్నాడు.

"దాటారా?" అన్నాను.

"దాటారు."

నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చింది. వేడి టీ ఇచ్చాను, దుప్పటి కప్పాను, పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. టీ సగం తాగాక ఆయనే మొదలుపెట్టాడు.

"మూడో మలుపులో నా పని అయిపోయిందే. తల బక్కెట్టులో పెట్టేశాను. బండి ఆపమన్నాను. ఆ పిల్ల ఆపలేదు. 'మాట్లాడుతూ ఉండండి బాబాయ్, కడుపు సంగతి మరిచిపోతారు' అంది. ఏం మాట్లాడను తల్లీ అన్నాను. అప్పుడు అడగడం మొదలుపెట్టింది."

"ఏమని?"

"మీరు మొట్టమొదట విప్పిన ఇంజను ఏది, మళ్ళీ బిగించగలిగారా అని. మీ నాన్న మిమ్మల్ని కొట్టేవారా అని. ఈ షెడ్డు వదిలేసి పారిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. ఒకటి చెప్పేలోపల ఇంకోటి. నన్ను జన్మలో ఎవరూ అన్ని అడగలేదే. జవాబు చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు."

నేను ఉలిక్కిపడ్డాను. నిజమే. ఇంటికి వచ్చిన ఇంతమందిలో ఈయన్ని తిరిగి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. ఈయన సందు ఇస్తే కదా అడగడానికి. సందు ఇచ్చినా అడిగేవారో లేదో.

"పిన్నిని మొదట ఎక్కడ చూశారని కూడా అడిగింది."

"ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. మీ నాన్న స్కూటరు తోసుకుంటూ వచ్చావని. తోస్తూ దాన్ని తిడుతున్నావని. ఆ తిట్లు వినడానికే బాగుచేయడం ఆలస్యం చేశానని."

అంటే ఈ బుద్ధి అప్పటి నుంచీ ఉందన్నమాట! ఆ స్కూటరు వారం రోజులు షెడ్డులో ఉంది. నేను రోజూ వెళ్ళి తిట్టాను. ఇన్నేళ్ళ తర్వాత, అదీ ముక్కూమొహం తెలియని పిల్లకు చెబితే గానీ నాకు తెలియలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నవ్వొచ్చింది.

దారిలో రెండుసార్లు మోత మారిందట. ఆపించి, మంచు ముద్దలు తెచ్చి రేడియేటరు మీద పెట్టి చల్లార్చారట. ఇన్నేళ్ళు కలలు కన్న ఆ దారిని ఈయన చూడనేలేదు. కళ్ళు తెరిస్తే కడుపులో తిప్పుతోందని మూసుకునే కూర్చున్నాడట. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గేటు, చుట్టూ మంచు. గేటు కాపలాదారు అడ్డకర్ర సగం దించేశాడు. కుర్రాడు దూకి, ఆపండి ఆపండి అని వాడి దగ్గరికి పరుగెత్తాడు. బండిలో ఈయనా, ఆ పిల్లా మిగిలారు.

"అప్పుడు చెప్పేశానే. తల్లీ, ఆ సీలు నా డబ్బాలోనే ఉంది, నేనే ఇవ్వలేదు, తప్పయిపోయింది అన్నాను."

"ఏమంది?"

"'తెలుసు బాబాయ్' అంది."

నేను చేతిలో గిన్నె కింద పెట్టాను.

"మర్నాడే పానా కోసం డబ్బా తీసినప్పుడు చూసిందట. మరి ఎందుకు అడగలేదమ్మా అన్నాను. 'ఓడెక్కితే వాడు మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు. మీరు ఇంకొక్క రోజు అంటుంటే, నాకూ ఇంకొక్క రోజు దొరుకుతోంది కదా అని ఊరుకున్నా' అంది. స్టీరింగు వదల్లేదు. నా వైపు చూడలేదు. అలా చెప్పేసింది."

ఓర్పు అనుకున్నాను నేను. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేదాన్నని నాకు నేనే బిరుదు ఇచ్చుకుంటాను. నా బల్ల దగ్గర కూర్చుని తింటున్న పిల్ల మనసు తెలుసుకోలేకపోయాను.

"ఇంతలో కాపలాదారు వచ్చాడు. వాడు మనకు తెలిసినవాడే, వాడి మోటారుసైకిలు నేనే చూస్తాను. కిటికీలో తల పెట్టి, 'మేస్త్రీ, అవతల దారిలో ఈ బండి ఆగిపోతే ఎవరూ రారు. పిల్లల ప్రాణాల మీదికొస్తుంది. దాటుతుందా, దాటదా? నువ్వు ఊ అంటే కర్ర ఎత్తుతాను. కాదంటే వెనక్కి తిప్పిస్తాను' అన్నాడు. వాడి వెనకాల మంచులో ఆ కుర్రాడు నిలబడి ఉన్నాడే. చేతులు చంకల్లో పెట్టుకుని నా నోటికేసి చూస్తున్నాడు. ఇటు చూస్తే ఈ పిల్ల. అప్పుడు చూసింది నా వైపు. వద్దని చెప్పండి అంటోంది ఆ చూపు. నాకు తెలిసిపోయింది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నేను కాదంటే చాలు. ఎవరూ నన్ను తప్పు పట్టరు. చలికాలమంతా మన పెరట్లోనే ఉండేవారు. ఆ పిల్లకు తమ్ముడు, నాకు కబుర్లు. నువ్వు కూడా సంతోషించేదానివి. అవునా, కాదా?"

కాదని ఎలా అనను? ఆ కుర్రాడు నిలబడి తరిగిన బల్ల నా ఎదురుగానే ఉంది. వద్దనండి అని ఆ పిల్ల చూసిన చూపు, నేను అక్కడుంటే నేనూ చూసేదాన్నేమో.

"మరి ఏమన్నారు?"

"ఇంజను విన్నాను. బాగానే తిరుగుతోంది. దాటుతుంది అన్నాను."

"ఆ పిల్ల?"

"సరే అన్నట్టు తల ఊపింది. నన్ను దింపి, బక్కెట్టు చేతికిచ్చి, గేరు వేసింది. కిందికి దిగాక మొదటి ఊళ్ళోనే ఆ ఇరుసు మార్పించుకోమని చెప్పాను. తమ్ముడు వెనక కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అక్క వెనక్కి చూడలేదు."

బయట మా ఊళ్ళో కూడా మంచు మొదలైంది. ఈపాటికి వాళ్ళు అటువైపు దిగుతూ ఉంటారు. వాడు వెనకాల ఏదో తరుగుతూ ఉంటాడు. ఆ పిల్ల ఇవాళ మలుపులు మెల్లగా తిప్పుతుందో, గట్టిగా తిప్పుతుందో.

"తమ్ముణ్ణి ఓడెక్కించాక ఆ పిల్ల ఒక్కతే ఎటు వెళ్తుందట?" అన్నాను.

మా ఆయన దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

"అడగలేదే," అన్నాడు. "నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి అడగలేకపోయాను."

నేను గిన్నె సర్దే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.